అద్వితీయం నిషిద్ధం

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి ఉప్పుటేరు గట్టున కాస్త ముందుకి నడిస్తే, తారు వాసనా కొత్త తాళ్ళ వాసనా కలగలిసిన ఒక దుకాణం తగులుతుంది. దానికి బోర్డుంది గానీ చదివినవాళ్ళు లేరు. ముక్కు ఉంటే చాలు, దారి తెలుస్తుంది. ఆ దుకాణం గ్రంధి భీమలింగానిది. మోకులు, లంగర్లు, కప్పీలు, తెరచాప గుడ్డ, అది కుట్టే దబ్బనాలు, గుగ్గిలం, సముద్రం మీదికి వెళ్ళేవాడికి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. సముద్రం మీదికి వెళ్ళిన అనుభవం ఒక్కటే ఆ దుకాణంలో లేనిది.

భీమలింగం అమ్మిన తాడు అండమాన్ చూసింది. అతనమ్మిన లంగరు సింహళం దగ్గర సముద్రపు అడుగు చూసింది. అరవై దాటిన భీమలింగం మాత్రం గట్టు మీంచి కనిపించే హోప్ ఐలాండ్‌ని దాటి ఒక్క బార కూడా ముందుకి పోలేదు. యజమాని కంటే సరుకే ఎక్కువ లోకం చూసిందంటే ఆ వ్యాపారంలో ఎక్కడో నష్టం ఉన్నట్టేనని అతని లెక్క.

అందుకే సాగర వైభవ పునరుద్ధరణ సంస్థ వాళ్ళు వచ్చి అడిగినప్పుడు బేరమాడకుండా ఒప్పుకున్నాడు. వెనకటి రోజుల్లో ఈ తీరం వర్తకులు తెరచాపలు ఎత్తుకుని జావా దాకా వెళ్ళొచ్చేవారు. ఆ ప్రయాణాన్ని మళ్ళీ చేసి చూపించాలని సంస్థ సంకల్పం. తాళ్ళరేవులో ఇంజను లేని పడవ కట్టించి దానికి 'జలవైభవం' అని పేరు పెట్టారు. పడవ నడపడానికి సూరాడ ఎల్లాజీ అనే సరంగునీ, అతని కింద కొందరు కళాసీలనీ కుదుర్చుకున్నారు. వర్తకుల యాత్ర కాబట్టి అసలైన వర్తకుడు ఒకడు పడవలో ఉండాలన్నారు.

"మీ వంటి వాణిజ్య ప్రముఖుల భాగస్వామ్యం ఈ బృహత్తర కార్యక్రమానికి పరిపుష్టిని చేకూర్చగలదని సంస్థ విశ్వసిస్తోంది," అన్నారు సంచాలకులు పరిమి గజాననరావు గారు.

"పడుకోడానికి చోటుంటుందాండీ?" అన్నాడు భీమలింగం.

చోటుంది. పడవ వెనక భాగంలో, చుక్కాని పక్కన, ఒక మనిషి వెల్లకిలా పడుకునేంత బల్ల. భీమలింగం ఆ రోజే వెళ్ళి దాని మీద పడుకుని చూశాడు. తలవైపు మరచెంబుకి చోటుంది. కాళ్ళవైపు సంచికి చోటుంది. పైన ఆకాశం ఉంది. లేవబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి భార్య మాణిక్యంతో, "సరిగ్గా నాకోసం కోసినట్టుంది," అన్నాడు.

"శవపేటిక గురించి కూడా అలాగే అంటారు," అంది మాణిక్యం. అని, అతని కోసం కందిపొడి, నువ్వులపొడి కొట్టించడం మొదలుపెట్టింది.

యాత్రకి కావలసిన సామాను టెండరు భీమలింగానికే వచ్చింది. పోటీకి వచ్చింది ఎదురు దుకాణం తటవర్తి వరదయ్య ఒక్కడే. అతని ధరలు ఎప్పుడూ భీమలింగం ధరల కంటే ఒక్క పిసరు ఎక్కువ, ఎందుకంటే భీమలింగం ఎంత వేస్తాడో వాసన పట్టి దాని మీద వేయడం అతనికి అలవాటు. విడిసామాను ఏమేం కావాలో ఎల్లాజీ నోటితోనే చెప్పేశాడు. "ఓ తెరసాప ఎగస్ట్రా, మోకులు నాలుగు సుట్టలు, కప్పీలు కొన్ని, దబ్బనాలు, గుగ్గిలం. మిగిలింది సముద్రం మీదే సూసుకుంటామండి. ఇరిగితే కడతాం, సిరిగితే కుడతాం."

కార్తీకం దాటి తుఫాన్లు సద్దుమణిగితే ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తుంది. ఆ గాలికి బయల్దేరాలని నిర్ణయం.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. చెడింది పడవని నీళ్ళ మీద నడిపి చూసే ప్రయత్న విహారం రోజున.

ఆ రోజు సంచాలకులు గారు శిల్కు పంచె కట్టుకుని ఫొటోల కోసం పడవెక్కారు. ఒడ్డు కనిపించేంత దూరంలోనే తెరచాప తాడు లాగే కప్పీ ఒకటి పగిలింది. ఎగస్ట్రా కప్పీలింకా పడవలోకి ఎక్కలేదు. పక్క పడవ వచ్చి తాడు కట్టి లాక్కొచ్చేదాకా సంచాలకులు గారు ఎండలో చిరునవ్వుతో నిలబడి ఉండాల్సొచ్చింది, ఫొటోగ్రాఫరు దిగలేదు కాబట్టి. మర్నాడు సంస్థ రక్షణ విభాగం అధికారిణి అపరాజిత గారు కారణం విచారించారు. కారణం ఆవిడకి స్పష్టంగా కనిపించింది. ఆ తాడుకి కప్పీ ఒక్కటే ఉంది. రెండోది లేదు. రెండోది లేనిదాన్ని ఏమంటారు? అద్వితీయం అంటారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది.

'నౌకపై అద్వితీయమైనది ఏదియు ఉండరాదు.'

అపరాజిత గారు కోపం తెలియని మనిషి. మాట గట్టిగా ఉండదు, ముఖం చిట్లించదు. చేతిలో పెన్సిలుతో పడవ ముందు నుంచి వెనక దాకా నడుస్తూ, ప్రతి వస్తువు దగ్గరా ఆగి, "దీనికి ద్వితీయం ఉందా?" అని మాత్రం అడిగారు.

చుక్కానికి లేదు. లంగరుకి లేదు. స్తంభానికి అసలే లేదు.

"స్తంభం ఇరిగితే పడవే ఉండదండి," అన్నాడు ఎల్లాజీ. "రెండోది ఎవరు నిలబెడతారు?"

"నిలబెట్టడం మీ పరిధి. ఉండటం నా పరిధి," అన్నారావిడ.

వంట చేసే మూలకి వచ్చారు. అక్కడ పులుసు కలిపే తెడ్డు ఒకటే ఉంది. ఆవిడ పెన్సిలు ఆగింది. "తెడ్డు ఒక్కటే ఉంది."

"పడవ తెడ్లున్నాయి కదండీ బోల్డు," అన్నాడు ఎల్లాజీ హాస్యానికి.

"అవీ తెడ్లేనా?"

"ఆటినీ తెడ్లే అంటామండి."

"అయితే కొరత లేదు," అని ఆవిడ ముందుకి నడిచారు.

ఎల్లాజీ నోరు తెరిచాడు. "శెట్టిగారూ, బారెడు తెడ్డు పెట్టి పులుసు కలపమంటాదా ఏటి?"

"ఊరుకోవయ్యా," అన్నాడు భీమలింగం మెల్లిగా. "ఇంకాస్త మాట్లాడితే దానికి తగ్గ గిన్నె కొనమంటుంది."

కొనమంటే మాత్రం అతనికి వచ్చే నష్టమేమిటి? నిజానికి ఆ వారం భీమలింగం దుకాణం పెళ్ళివారి విడిదిలా ఉంది. రెండో లంగరు వెళ్ళింది. రెండో చుక్కాని వెళ్ళింది. కోరంగి నుంచి రెండో స్తంభం దుంగ తెప్పించి పంపాడు. పక్క పలకలు, చట్రం కొయ్యలు, మేకులు, ఉన్న ప్రతిదానికీ రెండోది. అయితే ప్రతి సాయంత్రం అలవాటుగా వెళ్ళి తన బల్ల మీద పడుకుని చూసేసరికి లెక్క వేరేగా తేలుతోంది. రెండో చుక్కాని కాళ్ళవైపు చోటు తీసుకుంది. రెండో లంగరు దిండుండాల్సిన చోట కూర్చుంది. స్తంభం దుంగ పడవ పొడుగునా పడుకుంటే, బల్ల మీద పక్కకి తిరిగి పడుకున్న మనిషికి వీపు వరకే జాగా మిగిలింది. అమ్మిన ప్రతి సరుకూ అతన్నే కొంచెం కొంచెంగా పడవలోంచి గెంటుతోంది. లాభం దుకాణంలో జమ అవుతుంటే ఖర్చు అతని ఒంట్లోంచి పోతోంది.

"మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటే ఇంకా పడతాను," అన్నాడు ఇంటికొచ్చి.

"మోకాళ్ళకి కూడా రెండోవి ఇస్తారేమో కనుక్కోండి," అంది మాణిక్యం. "ఉన్నవి మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి."

సముద్రం మీద ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తోంది. ఎల్లాజీ రోజూ గట్టు మీద నిలబడి తువ్వాలు ఎగరేసి చూసి, "ఈ గాలి పోతే మళ్ళీ ఏడాదే," అనడం మొదలుపెట్టాడు. అటువంటి సమయంలో సంస్థ అభినందన సభ పెట్టింది.

సభలో సంచాలకులు గారు ప్రసంగించారు. ఆయన ప్రసంగంలో ఒక మాట వస్తే దాని చుట్టాలన్నీ వెంట వస్తాయి. "ఇది మహత్తరమైన, మహోన్నతమైన, అద్వితీయమైన యాత్ర. జలవైభవం అద్వితీయమైన నౌక. దానికి ఎల్లాజీ వంటి అద్వితీయమైన సరంగు లభించడం, భీమలింగం గారి వంటి అద్వితీయమైన వర్తకులు తోడవడం మన సంస్థ పూర్వ పుణ్య విశేషం."

జనం చప్పట్లు కొట్టారు. భీమలింగం శాలువా సర్దుకుంటూ వేదిక చివరికి చూశాడు. అపరాజిత గారు చప్పట్లు కొట్టడం లేదు. పెన్సిలు తీస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరికీ పిలుపు వచ్చింది.

"సంచాలకులు గారే స్వయంగా బహిరంగ వేదిక మీద ధ్రువీకరించారు," అన్నారు అపరాజిత గారు. "నౌక అద్వితీయం. సరంగు అద్వితీయం. వర్తకులు అద్వితీయం. ఉత్తర్వు ప్రకారం ఈ మూడూ నౌకపై ఉండటానికి వీల్లేదు."

"ఆయన పొగిడారండి," అన్నాడు భీమలింగం.

"పొగడ్త అయితే అబద్ధమని మీ ఉద్దేశమా?"

సంచాలకులు గారు అదే గదిలో కూర్చుని టీ తాగుతున్నారు. అబద్ధమంటే ఆయనకి చిన్నతనం, నిజమంటే పడవ కదలదు. ఆయన కప్పు కింద పెట్టి, "వాక్యం సంస్థ ఆస్తి. ఉపసంహరణకి నాకు అధికారం లేదు," అన్నారు.

"సముద్రం కూడా ఒక్కటే ఉందండి మరి," అన్నాడు ఎల్లాజీ.

"అది నౌక మీద ఉండదు కదా," అన్నారు అపరాజిత గారు ఓపిగ్గా.

రెండో సరంగుగా ఎల్లాజీ బావమరిదిని తీసుకొచ్చారు. పంపకాల్లో ఒక వల దగ్గర తేడా వచ్చి ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఒకే పడవలో ఎటు తిరగమని ఎవరు చెబుతారో, ఎవరు వింటారో చూడాలని కళాసీలకి కుతూహలంగా ఉంది. రెండో వర్తకుడు ఎవరో చెప్పనవసరం లేదు. ఎదురు దుకాణం వరదయ్యకి ఉత్తర్వు అందగానే అతను దాన్ని గాజుపలక కింద పెట్టించి, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా గల్లాపెట్టె మీద నిలబెట్టాడు.

రెండో పడవ సంగతే చిక్కు. కొత్తది కట్టాలంటే ఏడాది పడుతుంది. అపరాజిత గారు ఒక రాత్రంతా ఆలోచించి పరిష్కారం కనుక్కున్నారు. ఇప్పటికే పడవలో ప్రతి భాగానికీ రెండోది ఉంది. వాటన్నిటినీ కలిపితే ఒక పూర్తి పడవ అవుతుంది. కాబట్టి రెండో పడవ మొదటి పడవలోనే ఉన్నట్టు భావించవచ్చు. తక్కువ పడిన పలకలు మాత్రం నింపాలి. నింపారు. సామాను పడవ అంచుకి సమంగా వచ్చింది. ఇంకా దేనికీ, ఎవరికీ చోటు లేదు. చీమ ఎక్కాలన్నా ఇంకో చీమ దిగాలి.

"ఇపుడు మేం ఎక్కడ నిలబడాలండి?" అన్నాడు ఎల్లాజీ.

దానికీ అపరాజిత గారి నుంచి సమాధానం వచ్చింది. ఉత్తర్వు సారం, ద్వితీయాలు పడవ మీద తప్పనిసరిగా ఉండాలనే. ప్రథమాలు ఉండి తీరాలని ఎక్కడా లేదు. చోటు చాలనందువల్ల, వీలున్న చోటల్లా ప్రథమాలని ఒడ్డునే ఉంచి భారం తగ్గించాలి. దాంతో మొదటి లంగరు, మొదటి చుక్కాని, మొదటి స్తంభం వగైరాలు దిగిపోయి, కొత్తవి వాటి స్థానాల్లో బిగిశాయి. పడవ కాస్త తేలికపడింది. ఎల్లాజీ దిగిపోవాలి, బావమరిది ఉండాలి. భీమలింగం దిగిపోవాలి, వరదయ్య ఉండాలి. బల్లకి అడ్డమైన కొత్తవన్నీ తమ స్థానాల్లోకి వెళ్ళిపోయి, ఆ బల్ల మళ్ళీ ఒక మనిషి వెల్లకిలా పడుకునేంత ఖాళీ అయింది. ఆ మనిషి వరదయ్య.

ఆ వార్త విన్నాక భీమలింగం దుకాణంలో ఒక మోకు చుట్ట మీద కూర్చుని చాలాసేపు ఏమీ అమ్మలేదు. జీవితంలో ఎన్నో బేరాలు పోయాయి. ధర కుదరక పోయినవి, సరుకు లేక పోయినవి. మొదటివాడినైనందుకు పోయిన బేరం ఇదే. లెక్క ఎటు నుంచి వేసినా తప్పు తన పేరు ముందున్న 'మొదటి' అన్న మాటలోనే ఉంది. సరుకు మంచిదే. వరసలో దాని స్థానమే తప్పు. అది తోచగానే లేచి చెప్పులు వేసుకున్నాడు. రోడ్డు దాటి వరదయ్య దుకాణంలోకి నడిచాడు. వాళ్ళు ఎదురెదురుగా ఉన్నన్నాళ్ళలో అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

"ఏం శెట్టీ, దబ్బనాలు కావాలా?" అన్నాడు వరదయ్య.

"నీకు జావా కావాలా?"

వరదయ్య గాజుపలక వైపు చూశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకెందుకయ్యా జావా. యానాం రేవులో పంటు ఎక్కి ఏరు దాటితేనే నాకు పేగులు నోట్లోకొస్తాయి. వద్దని చెబితే ఊరు నవ్వుతుంది. ఈ వారమంతా నిద్రపట్టి చావడం లేదు."

"అయితే నువ్వు మొదటివాడివైపో. నేను రెండోవాణ్ణవుతాను."

వరదయ్య ఆలోచించాడు. వ్యాపారి కదా, దీనిలో తనకి తెలియని నష్టం ఏమైనా ఉందేమోనని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అంటే నీ కంటే నేనే పైన అని రాసిస్తావా?"

"కాయితం మీదే కదా, రాసిస్తాను."

"గాజుపలక మార్చాలి అయితే," అన్నాడు వరదయ్య ముఖం విప్పారగా. అటు ఎల్లాజీ, బావమరిదీ కూడా అదే విధంగా తారుమారయ్యారు. బావమరిదికి ఒడ్డున ఉండి ప్రథమ సరంగు అనిపించుకోవడమే బాగుంది. ఆ వల తనదేనని ఒప్పుకుంటే తప్ప మాట్లాడనన్నాడు. ఎల్లాజీ ఒప్పుకున్నాడు.

అపరాజిత గారు అభ్యంతరం చెప్పలేదు. వరస మారితే ఉత్తర్వుకి భంగం లేదు. భీమలింగాన్నీ ఎల్లాజీనీ సామాన్ల గదికి తీసుకెళ్ళి ద్వితీయాల పట్టీలో ఎక్కించబోతూ ఆగారు. "ద్వితీయం వాడనిదై ఉండాలి. మీరు ఇదివరకు వాడుకలో ఉన్నారా?"

భోజనం క్యారియరు ఇవ్వడానికి వచ్చిన మాణిక్యం గుమ్మంలోంచే అంది, "నలభయ్యేళ్ళుగా నేను వాడుతున్నానమ్మా. కొత్తవాడని రాసుకుంటే రేపు ఏదైనా తేడా వస్తే నన్నడక్కండి."

భీమలింగం గుమ్మం వైపు తిరిగాడు. "మాణిక్యం, కాస్త..."

"ఉన్నమాటే చెప్పాను."

"ఆవిడ వాస్తవం చెప్పారు," అన్నారు అపరాజిత గారు. పెన్సిలు గడ్డానికి ఆనించుకున్నారు. సంస్థ పేరులోనే పునరుద్ధరణ ఉందని ఆవిడకి స్ఫురించింది. "వాడిన వస్తువుని శుభ్రం చేసి, నూనె పట్టించి, ఎండబెట్టి, సీలు వేస్తే పునరుద్ధరించినదిగా పరిగణించవచ్చు. కొయ్య సామానుకీ తాళ్ళకీ అదే పద్ధతి. చేప నూనె వాడాలి."

"చేప నూనె మేం ముట్టం తల్లీ," అన్నాడు భీమలింగం.

"నువ్వుల నూనె కుదురుతుందా?" అంది మాణిక్యం.

నిబంధనలో నూనె అని మాత్రమే ఉందనీ, చేప అని అలవాటు కొద్దీ అంటున్నారనీ తేలింది. ఆ మధ్యాహ్నం సామాన్ల గది వెనక పెరట్లో, మొదటి లంగరు పక్కన పీట వేసి, మాణిక్యం భర్తకి తలంటు పోసింది. మాడు మీద అరచేత్తో తట్టిన చప్పుడు గట్టు దాకా వినిపించింది. అపరాజిత గారు దగ్గర నిలబడి, చెవుల వెనక కూడా పట్టించారా అని అడిగి మరీ చూశారు. తరవాత అతన్ని తాళ్ళ పక్కన ఎండలో కూర్చోబెట్టారు. ఆరాక కుడి మణికట్టుకి పురికొస కట్టి, లక్కతో సీలు వేశారు. ఎల్లాజీకి వాళ్ళావిడ అక్కడ లేనందున బావమరిదే నూనె రాశాడు. ఇద్దరికీ మాటలు పూర్తిగా కలిశాయి. కళాసీల విషయం కూడా అలాగే సరిచేశారు. వాళ్ళ తమ్ముళ్ళు ఒడ్డున ప్రథమ కళాసీలయ్యారు.

బయల్దేరే పొద్దున గట్టంతా జనం. షామియానా కింద సంచాలకులు గారు, ఆయన పక్కన దండలేసుకుని ప్రథమ వర్తకుడు వరదయ్య, ప్రథమ సరంగు, ప్రథమ కళాసీలు వరసగా కూర్చున్నారు. ఫొటోలన్నీ వాళ్ళకే తీశారు. మాణిక్యం కందిపొడి డబ్బా భీమలింగం చేతికిచ్చి, "మిమ్మల్ని వాడకుండా తిరిగి అప్పజెబుతారట. వానకి తడవకండి," అంది. అతను తల ఊపాడు. తాడు విప్పారు. ఈశాన్యపు గాలి తెరచాపని నింపింది. జలవైభవం ఒడ్డుని వదిలింది.

పడవ హోప్ ఐలాండ్ దీపస్తంభం వైపు తిరిగేసరికి భీమలింగం తన బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలవైపు మరచెంబు. కాళ్ళవైపు సంచి. పైన ఆకాశం.

ఒడ్డున అపరాజిత గారు పళ్ళెంలోంచి లడ్డూ తీసుకుంటున్న వరదయ్యని చూశారు. తరవాత పడవని చూశారు. మళ్ళీ వరదయ్యని చూశారు. మొదటివాడు ఇక్కడ ఉన్నాడు. అంటే పడవ మీద ఉన్నది రెండోవాడు ఒక్కడే. ఒక్కడే ఉన్నాడంటే, అతనికి అక్కడ రెండోవాడు లేడు. సరంగూ అంతే. లంగరూ అంతే. చుక్కానీ అంతే. ఆవిడ పెన్సిలు కింద పడింది. సంచాలకులు గారి ముందున్న మైకు అందుకున్నారు.

స్పీకర్లు గట్టివి. మాట నీళ్ళ మీద సాగుతూ వచ్చింది.

"భీమలింగం గారూ, మీరు అద్వితీయులు. ఎల్లాజీ గారూ, మీరు కూడా అద్వితీయులే. జలవైభవం మీద సమస్తం అద్వితీయం."

ఇంకా ఏదో అనబోయారు. తరవాతి మాటలు వినపడలేదు. గట్టు మీద ఉన్న జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. సంచాలకులు గారు అందరికంటే ముందు కొడుతున్నారు.

"ఏటంటందండీ ఆవిడ?" అన్నాడు ఎల్లాజీ.

భీమలింగం లేచి కూర్చుని, ఒడ్డు వైపు తిరిగి, లక్క సీలున్న చేత్తోనే నమస్కారం పెట్టాడు. ఒడ్డున చప్పట్లు ఇంకా పెరిగాయి.

"మర్యాద చేస్తోందయ్యా," అన్నాడు. "ఇంకో తెరచాప ఉంటే అదీ ఎత్తు. తొందరగా ఎత్తు."